నమూనాల హాలులో ఐదు గుంతలు

నాలుగు గుంతలు పూర్తయ్యాయి. ఐదోది మోకాలి లోతుకు వచ్చింది. గురువారం పొద్దున తొమ్మిది గంటలకు జీపు దిగిన ప్రొఫెసర్ గుంతల వరస వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. అప్పుడు అడిగాడు.

"ఇవి దేనికి?"

ఇస్రాయేలు గడ్డపార ఆపాడు. తవ్వే ముఠాకు అతనే మేస్త్రి. మూడడుగుల కిందే రాయి తగులుతోంది కాబట్టి ఒక్కో గుంతకు ఒకటిన్నర రోజు పట్టింది.

"కంబాలకు సార్."

"ఏ కంబాలకు?"

"నడిమిట్ల కంబాలకు. కాగితంల ఉన్నయంట గద."

ప్రొఫెసర్ చంకలోని రేకు గొట్టం మూత తీసి, తన చేతి డ్రాయింగు బయటికి లాగి జీపు బానెట్ మీద పరిచాడు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాడు. బానెట్ కాలుతోంది. చెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

అది 1962 మే నెల. నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట సగం లేచింది. దానికి మైలున్నర దూరంలో విశ్వవిద్యాలయం తన ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఒక పరిశోధన, బోధన భవనం కడుతోంది. మధ్యలో నమూనాల హాలు. పొడవు నూట ఇరవై అడుగులు, వెడల్పు నలభై. రెండు పక్కలా రెండంతస్తుల్లో తరగతి గదులు. హాలు నడుమ వంద అడుగుల నమూనా కాలువ తిన్నగా పోవాలి. అందులో నీళ్లు వదిలితే, ఆనకట్ట మీది నుంచి దూకిన నీళ్లు కింద నేలను ఎలా కోస్తాయో విద్యార్థులు పై వరండాలో నిలబడి చూడాలి. కాలువ పోవాల్సిన దారిలో ఇప్పుడు ఐదు గుంతలు ఉన్నాయి.

ప్రొఫెసర్ గీసిన కాగితంలో హాలు మధ్య స్తంభాలు లేవు. సైటులో ఉన్న బ్లూ ప్రింటులో ఐదు ఉన్నాయి.

"నా హాల్లోకి ఇవి ఎలా వచ్చాయి?"

అసిస్టెంట్ ఇంజనీరు టోపీ సర్దుకున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని ఏఈ గారు అంటారు. రెండేళ్ల కిందట గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చాడు.

"ట్రేసర్ పొరపాటు సార్. పక్కన గోదాము డ్రాయింగు కూడా ఇతనే చేశాడు. దాంట్లో మధ్య వరస ఉంది. అది చూసి ఇందులోనూ దించేసుంటాడు. నేను నమ్మి సంతకం పెట్టాను."

ట్రేసర్ పది అడుగుల వెనక టేపు చివర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు సిద్దిరాములు. కాగితం మీది డ్రాయింగును సిరాతో ట్రేసింగు బట్ట మీదికి దించడం అతని పని; ఆ బట్ట నుంచే బ్లూ ప్రింట్లు తీస్తారు. ఊరు పోచంపల్లి. "సార్..." అన్నాడు.

ఏఈ అతనివైపు తిరగలేదు. ప్రొఫెసర్ కాగితం చుట్టుకుంటూ, "పూడ్చండి. శనివారం మళ్లీ వస్తాను. నాకు జవాబు కావాలి" అన్నాడు.

జీపు పోయాక ఇస్రాయేలు గుంతలోంచి పైకి వచ్చాడు.

"సిద్దిరాములు సారూ, గీ ముగ్గు పోసిననాడు ఏఈ సారే ఈడ నిలబడి తాడు పట్టిచ్చిండు గద. నేను జెప్పనా?"

"నువ్వు జెప్తే ఎవరింటరు ఇస్రాయేలూ."

"అవు. గది గూడ నిజమే," అని ఇస్రాయేలు మళ్లీ గుంతలోకి దిగాడు. పూడ్చమని తనకు ఎవరూ కాగితం ఇవ్వలేదు. తవ్వమని ఇచ్చారు.

మూడు గంటలకు సిద్దిరాములుకు మెమో వచ్చింది. మంజూరైన డ్రాయింగులో లేని స్తంభాలను ట్రేసింగులో చేర్చినందుకు రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకం కింద ఉంది. సోమవారం సాయంత్రం తపాలాలో, ఉద్యోగం ఖాయం చేయాల్సిన వాళ్ల జాబితా హైదరాబాదు పోతుంది. ఆ జాబితాలో మూడో పేరు సిద్దిరాములుది. నాలుగేళ్లుగా టెంపరరీ. మెమో ఉన్నవాడి పేరు జాబితాలో ఉండదు. ఆనకట్ట గీతల పని తగ్గుతోంది కాబట్టి జాబితాలో లేనివాడికి వచ్చే ఏడాది క్వార్టరు కూడా ఉండకపోవచ్చు.

అతను బల్ల ముందు కూచుని తెల్ల కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"ప్రొఫెసర్ గారి డ్రాయింగును నేను ఉన్నది ఉన్నట్టు ట్రేసింగ్ చేసి మే ఏడో తేదీన ఏఈ గారి ముందు పెట్టాను. నలభై అడుగుల దూలాలకు చాలినన్ని ఇనుప కడ్డీలు లేవనీ, మధ్యలో స్తంభాలు పెడితే దూలం సగమవుతుందనీ వారు చెప్పారు. నా ట్రేసింగు మీదే ఐదు చోట్ల గుర్తులు పెట్టి, సంతకం చేసి, కొత్తది గీయమన్నారు. అది కాలువ దారి అని నేను మనవి చేసుకున్నాను."

ఏఈ ఇచ్చిన జవాబు అతను కాగితం మీద రాయలేదు. "ట్రేసింగు చేసేవాడివి ట్రేసింగు చెయ్యవయ్యా. కాలువ సంగతి నీళ్లకు తెలుసు" అన్నాడు. గదిలో నలుగురు నవ్వారు.

ప్యూను బీరప్ప వెనక నిలబడి చదివించుకుని విన్నాడు.

"మంచిగ రాసినవ్ సిద్దిరాములన్నా. గని సాక్ష్యమేది? గా మొదటి ట్రేసింగు ఏడున్నది?"

సిద్దిరాములు పెన్ను కింద పెట్టాడు.

మొదటి ట్రేసింగు రద్దయింది. రద్దయిన ట్రేసింగు బట్టను ఎవరు గీశారో వాళ్లు ఇంటికి తీసుకుపోవడం ఆ ఆఫీసులో రివాజు. నీలి ఛాయ ఉండే ఆ బట్ట గంజి పట్టించి, ఇస్త్రీ చేసి, కాగితంలా బిర్రుగా ఉంటుంది. వేడి నీళ్లలో నానేస్తే గంజి వదిలి, లోపలి నుంచి సన్నని నూలు బట్ట బయటపడుతుంది. ఆఫీసు వాళ్ల ఇళ్లలో జేబురుమాళ్లు, దిండు గలేబులు, ఆడవాళ్ల రవికె లోగుడ్డలు అన్నీ అదే బట్ట.

"ఇంట్లున్నది," అన్నాడు సిద్దిరాములు. "ట్రంకు మీద వెట్టిన."

"ఇగ ఫికర్ ఎందుకు? తెచ్చి మొకం మీద పరువు."

* * *

ట్రంకు మీద లేదు.

సిద్దిరాములు తల్లి ఆండాళు కోడలి రెండో కాన్పుకని పోచంపల్లి నుంచి వచ్చి నెలయింది. అతను వచ్చేసరికి గడప దగ్గర కాళ్లు చాపుకుని కూచుని, పన్నెండు రోజుల మనుమరాలికి నూనె రాస్తోంది. లోపల భార్య సుగుణమ్మ మంచం మీద పడుకుని ఉంది.

"అమ్మా, ట్రంకు మీద నీలి బట్ట చుట్ట ఉండె."

"ఉండె."

"ఏది?"

ఆండాళు గడ్డంతో మనుమరాలిని చూపించింది. పిల్ల ఒంటి మీద చేతులున్న అంగీ ఉంది. ముందర ముడి వేసింది. చేతుల చివర్లు మడిచి కుట్టింది.

"పసిపొల్లకు ఇరువై ఒక్క దినాలు కొత్త బట్ట తొడగరాదు. ఇంట్ల వాడిన బట్టనే తొడగాలె. మీ నాయిన ధోతి తెద్దామంటే మర్చిపోయి వస్తి. గిదైతే నీ చెయ్యి పడ్డ బట్ట, నువ్వు రాసిన బట్ట. వాడిన బట్టనే గద. ఎంత సన్నటి నూలు రా కొడుకా. మన మగ్గం మీద గింత సన్నం ఎవ్వడు నేస్తడు."

సిద్దిరాములు గోడకు ఆనుకుని కింద కూచున్నాడు.

"ఉతికినవా?"

"ఉతకకుంట తొడుగుతరా? రెండుసార్లు ఉడకబెట్టిన. నీ గీతలన్ని మసి లెక్క నీళ్లల్లకు వచ్చినయి. మంచిగ పోయినయి."

లోపలి నుంచి సుగుణమ్మ అంది: "అడగమని చెప్పిన అత్తా. మీరే ఇనలె."

"అడుగుడేందే? బట్టనే గద."

"అది బట్ట కాదమ్మా," అన్నాడు సిద్దిరాములు. "నా నౌకరి."

ఆండాళు నూనె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. పిల్లను బోర్లా తిప్పి మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని వీపు రాయబోతూ మళ్లీ మొదలుపెట్టింది.

"పోయినయి పోంగ, గీ మచ్చలు మాత్రం సచ్చినా పోలె. సున్నం వెట్టిన, చింతపండు వెట్టి రాకిన. ఉడకబెట్టినకొద్ది ఎక్కువైనయి. మసి అయితే పైన కూసుంటది, పోతది. ఇది రంగు. పోగులకు దిగింది. మీ ఆఫీసుల రంగెవడు పోసిండు రా?"

సిద్దిరాములు లేచాడు. పిల్ల వీపు మీద అంగీలో మూడు ఊదా మచ్చలు వరసగా ఉన్నాయి. ఒక్కోటి శనగ గింజంత. మధ్యలో అడ్డగీతలు కనిపిస్తున్నాయి. ఎడమ చేతి మీద ఇంకొకటి. ముందర పొట్ట దగ్గర ఐదోది, దాని కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక గీత, తేదీ. అక్షరాల అంచులు నీళ్లకు కొద్దిగా పాకాయి, కానీ చదవొచ్చు.

ఏఈ జేబులో ఎప్పుడూ కాపీయింగ్ పెన్సిలు ఉంటుంది. పొడిగా రాస్తే బూడిదరంగు, తడి తగిలితే ఊదా. అతను రాసే ముందు మొన నాలుకకు అద్దుకుంటాడు. సాయంత్రానికి కింది పెదవి ఊదాగా ఉంటుంది.

"ఇప్పు," అన్నాడు సిద్దిరాములు.

"ఏంది, అంగీనా? జలుబు జేస్తది."

"ఎండ నూట పది ఉంది అమ్మా. ఇప్పు."

* * *

శనివారం పదకొండు గంటలకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గదిలో ఐదుగురు ఉన్నారు. ఈఈ బల్ల వెనక. ప్రొఫెసర్ ఆయన కుడి పక్క. ఏఈ ఎడమ పక్క. సిద్దిరాములు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బీరప్ప తలుపు దగ్గర. బయట వరండా మెట్ల మీద ఆండాళు కూచుంది. రావద్దంటే వినలేదు. "కుట్లు ఇప్పాలంటే నేనే ఇప్పుత. నువ్వు బ్లేడు వెడితే పోగులు తెగుతయి" అంది.

సిద్దిరాములు పత్రిక కాగితం విప్పి అంగీని బల్ల మీద పెట్టాడు.

ఈఈ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనది హైదరాబాదు.

"ఇదేమిటి?"

"మొదటి ట్రేసింగు సార్."

ఏఈ నవ్వాడు. "చూశారా సార్? సంజాయిషీ అడిగితే చంటిపిల్ల చొక్కా తెచ్చాడు. రేపు ఉయ్యాల కూడా తెస్తాడు."

ప్రొఫెసర్ నవ్వలేదు. అంగీని చేతిలోకి తీసుకుని కిటికీ వైపు పట్టాడు. మచ్చలు లెక్కపెట్టాడు. కింది అక్షరాలు చదివి, ఏఈ పేరు అడిగాడు. ఏఈ చెప్పాడు. ప్రొఫెసర్ మళ్లీ అక్షరాల వైపు చూశాడు.

"నేను రోజుకు వంద చోట్ల సంతకం పెడతాను సార్," అన్నాడు ఏఈ. "ఇది ఏ కాగితమో ఎవరికి తెలుసు? గీత ఒక్కటీ లేదు."

"కుట్లు విప్పితే తెలుస్తది సార్," అన్నాడు సిద్దిరాములు. "గుర్తులు ఒక వరసల వస్తయి."

ఆండాళును లోపలికి పిలిచారు. ఆమె చెప్పులు బయట విడిచి వచ్చి, కుర్చీ చూపిస్తే కూచోకుండా నేల మీద కూచుంది. సూది మొనతో ఒక్కో కుట్టు పైకి లేపి, పళ్లతో తెంపి, దారం లాగింది. దారం పారేయలేదు, వేలికి చుట్టుకుంది. వీపు ముక్క, రెండు చేతులు, రెండు ముందర ముక్కలు. ఒక్కోటి చేత్తో సాపు చేసి పైకి అందించింది. సిద్దిరాములు వాటిని డ్రాయింగు బల్ల మీద కోసిన అంచులు కలిసేలా పరిచాడు. ఐదు గుర్తులు ఒక గీత మీదికి వచ్చాయి.

ప్రొఫెసర్ స్కేలు తీసుకున్నాడు. ఆ డ్రాయింగులో అంగుళానికి ఎనిమిది అడుగులు. మొదటి స్తంభానికి, చివరి స్తంభానికి మధ్య ఎనభై అడుగులు. అంటే బట్ట మీద పది అంగుళాలు ఉండాలి.

"తొమ్మిదిన్నర," అన్నాడు ప్రొఫెసర్.

"అదీ సంగతి," అన్నాడు ఏఈ. "డెబ్భై ఆరు అడుగులు. ఇది మన హాలే కాదు. ఇంకేదో చిత్తు గుడ్డ."

"ఉతికితే బట్ట గుంజుకపోతది సార్," అన్నాడు సిద్దిరాములు.

"సరిగ్గా అరంగుళమే గుంజుకుపోయిందా? నీ లెక్కకు సరిపడా?"

ఈఈ గడియారం చూశాడు. ప్రొఫెసర్ మాత్రం స్కేలు కింద పెట్టలేదు. "కొత్త బట్ట ఉందా?" అని అడిగాడు. "ఉతికి చూద్దాం."

బీరప్ప ఛాయ్ కెటిల్‌లో నీళ్లు కాచి పింగాణీ గిన్నెలో పోశాడు. ఏఈ స్వయంగా చుట్ట లోంచి ఒక పట్టీ కోశాడు. దాని మీద రూలింగ్ పెన్నుతో పది అంగుళాల గీత గీసి రెండు చివర్లా చుక్కలు పెట్టి, ఆ చుక్కల దగ్గర గుండుసూదితో పొడిచాడు. ఆండాళు గిన్నెలో ముంచి పిసికింది. నీళ్లు తెల్లబడ్డాయి. గీత నల్ల పొరలా పైకి తేలి విడిపోయింది. బీరప్ప పట్టీ రెండు చివర్లు పట్టుకుని దులపబోతే ఆమె కసిరింది.

"గుంజకు బిడ్డా. తడి మీద గుంజితే సాగుతది. ఉత్తగ ఆరెయ్యి."

వరండా కమ్మీ మీద ఆరేశారు. రోహిణి కార్తె గాలికి పది నిమిషాలు పట్టింది. ప్రొఫెసర్ కొలిచాడు.

"తొమ్మిది ముప్పావు."

"తొమ్మిది ముప్పావు," అని ఏఈ ఈఈ వైపు తిరిగి చెప్పాడు. "డెబ్భై ఎనిమిది అడుగులు. సరిపోలేదు సార్."

సిద్దిరాములు పట్టీ వైపు చూశాడు. నాలుగేళ్లుగా ఆ బట్ట మీద గీస్తున్నాడు. అది ఎటు కోస్తే ఎటు ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. గీసేవాడికి ఆ అవసరం రాదు.

ఆండాళు పట్టీని రెండు వేళ్ల మధ్య పెట్టి పొడవునా లాగింది. తర్వాత పిల్ల అంగీ వీపు ముక్కను అలాగే లాగింది.

"సారు ఏం జూసి కోసిండో గని, ఇది పేక దిక్కు కోసిన్రు. చుట్టకు అడ్డంగ. పొల్ల అంగీల మచ్చలు పడుగు దిక్కు ఉన్నయి. మగ్గం మీద బిర్రుగ గుంజేది పడుగును. బిర్రుగ ఉన్నదే ఎక్కువ ముడుసుకుంటది. పేకకు ఏం బాధ? అది ఉత్తగ అటిటు పోయేదే."

ప్రొఫెసర్ రెండు బట్టలనూ తీసుకుని తనూ లాగి చూశాడు.

"ఇంకో పట్టీ," అన్నాడు ప్రొఫెసర్. "చుట్ట పొడవునా."

ఈసారి ఆయనే కోశాడు. ఆయనే గీశాడు. మళ్లీ నీళ్లు కాచారు. మళ్లీ ఆరేశారు. పది నిమిషాల పాటు ఈఈ ఫైళ్లు తిరగేశాడు. ఏఈ కిటికీ దగ్గర నిలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. బీరప్ప మాత్రం కమ్మీ దగ్గరి నుంచి కదలలేదు, పట్టీని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

ప్రొఫెసర్ స్కేలు ఆనించి, వంగి, సిద్దిరాములును రమ్మని వేలు చూపించాడు. "నువ్వు చదువు."

"తొమ్మిదిన్నర సార్."

ప్రొఫెసర్ తన డ్రాయింగు తీసి ఈఈ ముందు పెట్టాడు. "స్తంభాలు ఉండవు. గుంతలు పూడ్చండి. కడ్డీల కోసం నేను హైదరాబాదులో మాట్లాడతాను." జీపు దగ్గరికి పోతూ వరండాలో ఒక్క క్షణం ఆగి, రెండో పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జీపు శబ్దం తగ్గేదాకా ఈఈ ఆగాడు. తర్వాత సిద్దిరాములు వైపు తిరిగాడు.

"అది సరే. సర్కారు బట్ట మీ ఇంటికి ఎట్లా పోయింది?"

ఏఈ కిటికీ దగ్గరి నుంచి బల్ల దగ్గరికి వచ్చాడు. "అదే నేను అడుగుదామనుకున్నాను సార్. దీనికి వేరే మెమో పడాలి."

సిద్దిరాములు తల వంచుకున్నాడు. ఆండాళు ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, లేచి, అప్పుడు ఏఈ చేతిలోని రుమాలు చూసింది. చెయ్యి చాచి దాని కొస పట్టుకుంది. వేళ్ల మధ్య నలిపింది.

"గిది గూడ గదే బట్ట," అంది. "మీ ఇంట్ల మంచిగ ఉడకబెట్టిన్రు నాయినా. గంజి సుక్క లేదు. నేను జర తొందరపడ్డ."

బీరప్ప దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి పోయాడు. ఈఈ తన మెడ కింద, కాలరు తడవకుండా పెట్టుకున్న రుమాలును నెమ్మదిగా లాగి, సొరుగు తెరిచి, అందులో వేసి, సొరుగు మూశాడు.

"పోండి," అన్నాడు. "ఆ ముక్కలు ఫైలులో పెట్టండి."

ఆండాళు కొడుకు వైపు చూసింది. "ఎందుకు? పొల్లకు అంగీ?"

"ఫైలులో అంటే ఫైలులో."

బీరప్ప ముక్కలకు మూలన రంధ్రం పొడిచి ఫైలు తాడు గుచ్చాడు.

* * *

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఈఈ మళ్లీ పిలిచాడు. ఈసారి కూచోమన్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి జాబితా. రెండోది ఇంగ్లీషులో టైపు చేసిన అరపేజీ.

"నీ మెమో తీసేసిన. పని అయిపోయింది. కానీ ఐదు గుంతలు తవ్వినం, పూడ్చినం. ఎందుకు తవ్వినమో ఫైలుకు ఒక కారణం కావాలె. చదువు."

సిద్దిరాములు చదివాడు. గోదాముకు ముగ్గు పోసే రోజున కూలీలు తాడు పట్టుకున్న చోటు తప్పి, పక్కన హాలు జాగాలో తవ్వారనీ, అందుకు బాధ్యుడైన ఇస్రాయేలు ముఠాను సైటు నుంచి తొలగించడమైనదనీ ఉంది. కింద రెండు సంతకాలకు చోటు. ఏఈ సంతకం అప్పటికే ఉంది. రెండోది కొలత ఇచ్చిన ట్రేసర్‌ది.

"బ్లూ ప్రింటుల కంబాలు ఉన్నయి గద సార్."

"ఆ బ్లూ ప్రింటు శనివారమే రద్దు చేసినం. ఎవరూ చూడరు. చూడు సిద్దిరాములూ, ఏఈ మీద రాస్తే పైకి పోతది, విచారణ వస్తది, ఏడాది పని ఆగుతది. నీ మీద రాయం. ఇక మిగిలింది ఎవరు? ఆ ముఠాకు ఇక్కడ కాకపోతే డ్యాం దగ్గర పని. మట్టి మోసేటోళ్లకు జాగా కరువా?"

ఇస్రాయేలు, అతని భార్య మారెమ్మ, మిగతా ఆరుగురు సైటు పక్కనే తాటాకు గుడిసెలు వేసుకుని ఏడాదిన్నర అయింది. ఆ సంగతి ఈఈకీ తెలుసు. కిటికీలోంచి కనిపిస్తాయి.

"జాబితా నాలుగు గంటలకు పోతది," అన్నాడు ఈఈ. పెన్ను మూత తీసి అతని ముందు పెట్టాడు.

సిద్దిరాములు పెన్ను వైపు చూశాడు. టైపు చేసిన కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. గురువారం తన మెమో కూడా ఇదే మిషను మీద కొట్టారు. ఇంగ్లీషు 'ఇ' అక్షరం ప్రతిసారీ కొంచెం పైకి పడుతుంది.

"వాళ్లు తాడు తప్పలె సార్. ముగ్గు ఏడ పోస్తే ఆడనే తవ్విన్రు. అంగుళం ఇటు లేదు, అటు లేదు. నేను కొలిచిన."

"నువ్వు కొలిచినవని నాకు తెలుసు. సంతకం పెడతవా, పెట్టవా?"

"గురువారం నాడు ట్రేసర్ మీద వెట్టిన్రు. ఇయ్యాల కూలోళ్ల మీద వెట్టమంటున్నరు. నేను వెట్టను సార్."

"జాబితాల నీ పేరు ఉండదు."

సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. కుర్చీని బల్ల కిందికి తోశాడు. పెన్ను మూత పెట్టి, తిరిగి ఈఈ వైపు జరిపాడు.

నాలుగు గంటలకు బీరప్ప తపాలా సంచి కట్టుకుని డ్రాయింగు గదిలోకి వచ్చాడు. "మూడో పేరు కొట్టేసిన్రు అన్నా," అన్నాడు. "గా అరపేజీ మాత్రం ఆడనే ఉన్నది. ఒక్క సంతకంతోటి పంపుడు ఈఈ సారుకు ధైర్యం చాలలె."

"ముఠా?"

"ముఠాకేం జెప్పలె. గుంతలు పూడ్చమన్నరు."

"నీకు పిచ్చా?" అంది ఇంట్లో సుగుణమ్మ. ఆ మాట మూడుసార్లు అంది. ఆండాళు అతని పాత ధోతి చింపుతోంది. ఎటు పడుగో, ఎటు పేకో వెలుతురుకు పట్టి చూసి మరీ చింపింది.

* * *

మంగళవారం పొద్దున మూడు గుంతలు పూడాయి. నాలుగోదాంట్లో మారెమ్మ నీళ్లు పోస్తుంటే ఇస్రాయేలు దిమ్మిసతో కొడుతున్నాడు. తవ్వినప్పుడు వచ్చిన రాయి తిరిగి గుంతలో పట్టడం లేదు. పక్కన కుప్ప పడింది.

సిద్దిరాములు హాలు నడుమ కాలువకు తాడు లాగి మేకులు కొడుతున్నాడు. ఏఈ వచ్చి నిలబడ్డాడు. నిన్నటి మాట ఎత్తలేదు.

"ఉత్తరం పక్క తలుపు మూడడుగులు ఇటు జరపవయ్యా. మెట్లకు అడ్డం వస్తోంది. షీటులో మార్చి, వీళ్లకు చెప్పు."

సిద్దిరాములు మేకు కొట్టడం ముగించాడు. సుత్తి కింద పెట్టాడు. షీటు తీసి, చెక్క పలక మీద పరిచి, ఏఈ ముందు పట్టాడు. చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు. కాపీయింగ్ పెన్సిలు. నిన్న సాయంత్రం బజారులో కొన్నాడు. మొన నాలుకకు అద్దుకుని, తడి మొన తనవైపు ఉండేలా తిప్పి, ఏఈకి అందించాడు.

"జర మీరే మార్చుండ్రి సార్."

ఏఈ పెన్సిలు వైపు చూశాడు. దిమ్మిస చప్పుడు ఆగింది. మారెమ్మ కుండ దింపకుండా నిలబడింది.

ఏఈ పెన్సిలు తీసుకున్నాడు. తలుపును అడ్డగీతతో కొట్టి మూడడుగులు ఇటు గీశాడు. కింద రెండక్షరాలు పెట్టాడు. పెన్సిలు తిరిగి ఇవ్వబోయాడు.

సిద్దిరాములు చెయ్యి చాచలేదు.

"తేదీ సార్," అన్నాడు.